గాలా, గోడా, గుంపా, తీగా: ఇంటి వైఫై తడబాటుపై ఒక సమీక్ష

ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, వీడియో మాత్రం గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది. హాల్లో బాగా వచ్చే నెట్ పడకగదిలో రాదు. పగలంతా సాఫీగా నడిచి రాత్రి ఎనిమిది దాటాక మొరాయిస్తుంది. ఇంటి వైఫైలో ఈ తడబాటు ఎందుకు వస్తుందన్న చర్చ వైఫై పుట్టినప్పటి నుంచీ ఉంది. ఇంట్లోని ఇతర పరికరాలు వెదజల్లే రేడియో రొదే కారణమని ఒక పక్షం అంటుంది. ఇరుగుపొరుగు వైఫైల రద్దీ అని రెండో పక్షం, గోడలూ దూరమూ అని మూడో పక్షం వాదిస్తాయి. అసలు లోపం వైఫైలో లేదని, ఇంటికొచ్చే తీగలోనో కరెంటులోనో ఉందని నాలుగో పక్షం అంటుంది. నాలుగింటికీ ఆధారాలున్నాయి. కానీ ఒక జబ్బు లక్షణాలు మరో జబ్బు లక్షణాల్లాగే కనిపిస్తాయి కాబట్టి చర్చ చిక్కుపడింది.

ప్రకాశం ప్రాంతంలోని కనిగిరి వంటి పట్టణానికి వచ్చేసరికి ఇంకో మెలిక ఉంది. ఈ విషయంపై ప్రచారంలో ఉన్న సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా ఇళ్ళను చూసి రాసినవి. చెక్క చట్రాలు, పలచటి జిప్సం గోడలు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్, హాల్లో కార్డ్‌లెస్ ఫోను ఆ ఇళ్ళ లక్షణాలు. ఇటుక గోడ, ఉక్కు చువ్వల శ్లాబు, గ్రానైటు బండలు, ఇనప బీరువా, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఆ కారణాల వరస మారిపోతుంది.

చరిత్ర: లైసెన్సు లేని పట్టీ

వైఫై రొదలో పనిచేయాల్సి రావడం ప్రమాదవశాత్తూ జరిగింది కాదు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమావేశం పరిశ్రమల, శాస్త్ర, వైద్య పరికరాల కోసం కొన్ని పౌనఃపున్యాలను పక్కన పెట్టింది. 2.45 గిగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న పట్టీ వాటిలో ఒకటి. అంతకు రెండేళ్ళ ముందే, 1945లో, రేథియాన్ సంస్థ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ మైక్రోవేవ్‌తో వంట చేసే పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆ పట్టీలో సమాచారం పంపుకునేవాళ్ళు అక్కడున్న రొదను భరించాల్సిందేనన్నది మొదటి నుంచీ ఉన్న షరతు.

1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఈ పట్టీలో లైసెన్సు లేకుండా రేడియో పరికరాలు వాడుకోవచ్చని అనుమతించింది. 1997లో వచ్చిన, వైఫైకి పునాది అయిన 802.11 ప్రమాణం సెకనుకు 2 మెగాబిట్ల వేగం ఇచ్చింది. 1999 నాటి 802.11బి దాన్ని 11కు పెంచింది. ఓవెన్‌తో వైఫైకి పడదన్న సంగతి కూడా ఆ తొలి రోజుల్లోనే బయటపడింది. కామెర్‌మన్, ఎర్కోచెవిచ్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీనిపై 1997లోనే పరిశోధన పత్రం వెలువరించారు.

భారతదేశం 2005 జనవరిలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అవసరాన్ని తొలగించింది. దాని మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పరిధిలో 605 మెగాహెర్ట్జ్‌ను అదే విధంగా వదిలింది. పాత పట్టీ కంటే కొత్తది ఏడు రెట్లు విశాలం. ఇప్పుడు అమ్ముతున్న చాలా రౌటర్లు రెండు పట్టీల మీదా పనిచేస్తాయి.

చిన్న పట్టణాల ఇళ్ళకు ఈ చర్చ ఆలస్యంగా చేరింది. బీఎస్ఎన్ఎల్ రాగితీగ బ్రాడ్‌బ్యాండ్ రోజుల్లో మోడెమ్ పక్కనే కంప్యూటర్ ఉండేది, రెంటికీ మధ్య తీగ ఉండేది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ ద్వారా టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయల ప్రారంభ ప్యాకేజీతో, స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగా ఇళ్ళకు చేరాయి. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి ఉద్యోగాలు మొదలయ్యాక ఒకే రౌటర్ మీద ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ పడ్డాయి. అంతకుముందు చిరాకుగా మాత్రమే ఉన్న తడబాటు అప్పటి నుంచి చదువుకూ జీతానికీ సంబంధించిన సమస్య అయింది.

మొదటి వాదం: గాలిలో రొద

ఈ పక్షానికి ప్రధాన సాక్ష్యం మైక్రోవేవ్ ఓవెన్. దానిలోని మాగ్నెట్రాన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర వందల వాట్ల శక్తి పుట్టిస్తుంది. తలుపు చుట్టూ ఉన్న కట్టడి దాన్ని దాదాపు మొత్తం ఆపుతుంది. ఓవెన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి బయటకు రాకూడదన్నది భద్రతా ప్రమాణం. మనిషికి హాని చేయని ఆ పరిమితి వైఫైకి చాలా ఎక్కువ. ఎందుకంటే పక్కగదిలోని ఫోను అందుకునే వైఫై సంకేతం వాట్‌లో వంద కోట్లవ వంతు దగ్గర ఉంటుంది.

అయినా ఓవెన్ వైఫైని పూర్తిగా చంపదు. సాధారణ ఓవెన్‌లో మాగ్నెట్రాన్ కరెంటు తరంగంలో ఒక సగంలోనే పనిచేస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సుమారు 10 మిల్లీసెకన్లు రొద ఉంటే 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం ఉంటుంది. ఆ ఖాళీల్లో డేటా దాటుకుంటుంది కాబట్టి వేగం పడిపోతుందే కానీ నెట్ మొత్తంగా పోదు. ఇన్వర్టర్ రకం ఓవెన్లలో ఆ ఖాళీలు తగ్గుతాయి. ఓవెన్ ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు కథ తరచుగా ఉదహరిస్తారు. 1998 నుంచి అక్కడ అంతుచిక్కకుండా నమోదవుతున్న 1.4 గిగాహెర్ట్జ్ సంకేతాలు, పనిచేస్తున్న ఓవెన్ తలుపును మధ్యలో తెరిచినప్పుడు పుడుతున్నాయని 2015లో తేలింది.

రెండో సాక్ష్యం యూఎస్‌బీ 3.0. ఆ తీగలూ కనెక్టర్లూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ అంతటా రొద చిమ్ముతాయని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రంలో వివరించింది. రౌటర్ వెనక హార్డ్ డిస్కు తగిలించినప్పుడు, ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ మౌస్ ముక్క పక్కనే పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు ఇది కనిపిస్తుంది. బ్లూటూత్ మీద ఆరోపణ మాత్రం చాలావరకు పాతబడింది. అది 79 చానళ్ళ మధ్య సెకనుకు 1600 సార్లు మారుతుంది. 2003 నాటి 1.2 వెర్షన్ నుంచి రద్దీ చానళ్ళను తప్పించుకోవడం నేర్చింది. అయితే చాలా ఫోన్లలో బ్లూటూత్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే యాంటెనాను వంతులవారీగా వాడుకుంటాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు నెట్ కొద్దిగా మందగించడానికి అది చాలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఎడతెరిపి లేకుండా బొమ్మలు పంపే చవక వైర్‌లెస్ కెమెరాలు, బేబీ మానిటర్లు ఇంకా గట్టి నేరస్థులు. వాటికి ఓవెన్ లాంటి విరామం కూడా ఉండదు.

మిక్సీ, గ్రైండర్, బోరు మోటారు వేస్తే నెట్ ఆగుతుందన్న నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా ఉంది. దాని వెనక దూరదర్శన్ కాలపు అనుభవం ఉంది. మేడ మీది యాంటెనాతో టీవీ చూసే రోజుల్లో మిక్సీ వేయగానే తెర మీద గీతలు పడేవి. ఆ ప్రసారాలు వందల మెగాహెర్ట్జ్ లోపు ఉండేవి. మోటారు బ్రష్షుల నిప్పురవ్వల రొద కూడా ఎక్కువగా ఆ కింది పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దాకా వచ్చేసరికి అది బాగా నీరసిస్తుంది. మోటారు వేసినప్పుడు వైఫై పోతుంటే వోల్టేజీ పడిపోవడం వైపు ముందు చూడాలి. ఆ సంగతి నాలుగో వాదానికి చెందుతుంది.

రెండో వాదం: గుంపు

రెండో పక్షం ప్రకారం వైఫైకి పెద్ద శత్రువు మరో వైఫై. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 చానళ్ళున్నాయి. వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కో ప్రసారానికి కావలసిన వెడల్పు కనీసం 20. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా సాధారణంగా వాడుకునేవి మూడే: 1, 6, 11.

వైఫై పరికరం మాట్లాడే ముందు వింటుంది. అదే చానల్లో మరో వైఫై మాట్లాడుతుంటే ఆగి తన వంతు కోసం చూస్తుంది. సాధారణంగా మరో వైఫై సంకేతాన్ని మైనస్ 82 డీబీఎం (సంకేత బలానికి కొలమానం) అంత బలహీనంగా ఉన్నా గుర్తుపట్టగలదు. వైఫై కాని రొదనైతే మైనస్ 62 దాటితే తప్ప అడ్డంకిగా లెక్కించదు. ఒకే చానల్లోని రెండు రౌటర్లు సభలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే వక్తల్లాంటివైతే, పక్క చానల్ రౌటరు బయట వాయిస్తున్న మైకు సెట్టు లాంటిది. వక్తల మధ్య ఆలస్యం ఉంటుంది కానీ మాట వినిపిస్తుంది. మైకు సెట్టు వాయిస్తుంటే మాటలే పోతాయి. అందువల్ల 1, 6, 11 నిండిపోయాయి కదా అని 3నో 8నో ఎంచుకోవడం తరచుగా పరిస్థితిని చెడగొడుతుంది.

రద్దీ ఇంట్లోంచీ పుడుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో ఒక వింతను చూపించారు. నెమ్మదిగా మాట్లాడే ఒక్క పరికరం ఉంటే వేగవంతమైన మిగతావన్నీ దాదాపు దాని వేగానికి దిగిపోతాయి. ప్రతి పరికరానికీ సమాన అవకాశాలు ఇవ్వడం వల్ల నెమ్మది పరికరమే గాలి సమయాన్ని ఎక్కువ మింగేస్తుంది. వరండా చివర కూర్చుని బలహీనమైన సంకేతంతో వీడియో చూసే ఒక్క పాత ఫోను హాల్లోని టీవీని ఆపగలదు. గాలి సమయాన్ని సమానంగా పంచే పద్ధతులు 2017 ప్రాంతానికి లైనక్స్‌లోకి వచ్చాయి. ఆపరేటర్లు ఇచ్చే పెట్టెలన్నిటిలో అవి లేవు.

ఈ వాదం బలం ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాదు అపార్టుమెంటులో ఒక గదిలో ఇరవై, ముప్పై వైఫై పేర్లు కనిపించడం మామూలే. కనిగిరిలో విడి విడి ఇళ్ళున్న వీధుల్లో ఆ సంఖ్య తక్కువ. కింద కొట్లు, పైన కాపురాలు ఉండే బజారు వీధుల్లో, ఒకే మేడలో వాటాలు అద్దెకిచ్చిన చోట్ల మాత్రం రద్దీని లెక్కలోకి తీసుకోవాలి.

మూడో వాదం: గోడ

మూడో పక్షం రొదనూ గుంపునూ కాదనదు. సంకేతం బలంగా ఉంటే వాటిని తట్టుకుంటుందని, బలహీనపడ్డాకే అవి పైచేయి సాధిస్తాయని అంటుంది. లెక్క డెసిబెల్స్‌లో ఉంటుంది. 3 తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతవుతుంది. గోడలేమీ లేకపోయినా, అదే దూరంలో 5 గిగాహెర్ట్జ్ సంకేతం 2.4 కంటే సుమారు 7 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది. గోడలు ఆ తేడాను ఇంకా పెంచుతాయి.

కట్టుబడి సామగ్రి రేడియో తరంగాలను ఎంత ఆపుతుందో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య పీ.2040 సిఫార్సు పట్టికలుగా ఇస్తుంది. వాటి సారం ఇది: చెక్క, జిప్సం తక్కువ ఆపుతాయి, ఇటుక మధ్యస్థం, కాంక్రీటు ఎక్కువ, లోహం దాదాపు పూర్తిగా. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పాత రాతి గోడలు, ఉక్కు చువ్వలు పరిచిన శ్లాబు ఉన్న ఇళ్ళలో కింది అంతస్తు రౌటరు పై అంతస్తుకు అందకపోవడంలో వింత లేదు. చీమకుర్తి గ్రానైటు పరిచిన నేల ఆ శ్లాబు మందానికి ఇంకొంత కలుపుతుంది. ఇనప బీరువా, ఫ్రిజ్, వెనక వెండిపూత ఉన్న నిలువుటద్దం ఒక్కోటి ఒక్కో లోహపు తెర. రేకుల షెడ్డు బయటి రౌటరుకు లోపలి ఫోనును దూరం చేస్తుంది.

నీరు కూడా లెక్కలోకి వస్తుంది. కనిగిరి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ కావడంతో 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు ఇళ్ళలో మామూలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీటిలో కొద్ది సెంటీమీటర్లలోనే చాలావరకు ఇంకిపోతుంది. వరసగా పేర్చిన క్యాన్ల వెనక రౌటర్ పెడితే అదొక గోడతో సమానం. ఓవెన్‌కు 2.45ను ఎంచుకున్నది నీటి అణువు సరిగ్గా అక్కడ ప్రతిధ్వనిస్తుందనే అన్న ప్రచారం మాత్రం తప్పు. గది ఉష్ణోగ్రత దగ్గర నీటి శోషణ గరిష్ఠంగా ఉండేది 20 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో.

ఈ వాదానికి బలమైన ఆధారం రౌటర్ ఉండే చోటు. ఫైబర్ ఎక్కడ ఇంట్లోకి దూరితే పెట్టె చాలాసార్లు అక్కడే మేకుకు వేలాడుతుంది. అది సాధారణంగా వీధి వైపు మూల, కిటికీ పక్కన, లేదా టీవీ వెనక. సంకేతంలో సగం వీధిలోకి పోతుంది. మిగతా సగం ఇల్లంతా అడ్డంగా దాటాలి.

నాలుగో వాదం: తీగ, కరెంటు, వరస

నాలుగో పక్షం వైఫైని నిందించే ముందు దాని వెనకున్నవాటిని చూడమంటుంది. ఇంటికి వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిది. ఒక ఫైబర్ 32 లేదా 64 ఇళ్ళకు చీలుతుంది. వాటన్నిటికీ కలిపి కిందికి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు వస్తాయి. స్తంభాల మీది ఫైబర్ తెగినా, ఇంట్లో కిటికీ సందులో బాగా వంగినా పెట్టె మీది లాస్ లైటు ఎర్రగా వెలుగుతుంది. సగం వంగితే ఎర్రలైటు రాకుండానే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు దోషం వైఫై మీదికి పోతుంది.

ఇంట్లోని పరికరం వైఫైని కాక తీగనే దెబ్బతీసిన ఉదాహరణ ఒకటుంది. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతపు అబర్‌హోసన్ గ్రామంలో రోజూ ఉదయం ఏడింటికి బ్రాడ్‌బ్యాండ్ కుప్పకూలేది. ఏడాదిన్నర తర్వాత, 2020లో, ఒక ఇంట్లో ఆ వేళకు వేసే పాత టీవీ కారణమని ఇంజనీర్లు పట్టుకున్నారు. ఆ రొద రాగితీగ బ్రాడ్‌బ్యాండ్ వాడే తక్కువ పౌనఃపున్యాలను దెబ్బతీసింది. ఫైబర్‌లో కాంతి ప్రయాణిస్తుంది కాబట్టి అలాంటి రొద దానికి అంటదు. రాగి మీద నిజమైన సలహా ఫైబర్ ఇంటికి వర్తించకపోవచ్చునని ఇది గుర్తుచేస్తుంది.

కరెంటు మరో అంశం. వోల్టేజీ పడినప్పుడు, లైను నుంచి ఇన్వర్టర్‌కు మారే క్షణంలో, అరిగిన 12 వోల్టుల అడాప్టర్ రౌటర్‌కు చాలినంత కరెంటు ఇవ్వలేదు. పెట్టె ఆగిపోయి, తిరిగి లేచి ఫైబర్‌తో కలిసేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. వేడి ఇంకోటి. ఇంటి రౌటర్లలో చాలావాటిని 40 డిగ్రీల వరకే తయారుచేస్తారు. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ గీతను దాటే ఊళ్ళో, గాలి ఆడని టీవీ బల్ల లోపల పెట్టెకు అది కష్టకాలం.

చివరిది వరస. ఒక ఫోను ఫోటోలను బ్యాకప్‌కు పంపుతుంటే రౌటర్‌లోనో మోడెమ్‌లోనో డేటా పెద్ద వరసగా పేరుకుని, మిగతావారి వీడియో కాల్ ఆ వరస చివర చిక్కుకుంటుంది. జిమ్ గెట్టిస్ అనే కంప్యూటర్ నిపుణుడు 2010 ప్రాంతంలో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. 2012లో కోడెల్ అనే విరుగుడు పద్ధతి వచ్చింది. ఇక్కడ వేగం సరిపడానే ఉంటుంది, ఆలస్యమే జబ్బు.

ఈ పక్షానికి ఎదురుగాలి కూడా ఉంది. సుందరేశన్, ఫీమ్‌స్టర్, టెక్సీరా అనే పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం అమెరికాలో 2,652 ఇళ్ళను పరిశీలించింది. వేగం 20 ఎంబీపీఎస్ దాటిన ఇళ్ళలో ఇరుకు బయటి లైనులో అరుదుగా, లోపలి వైఫైలోనే ఎక్కువగా కనబడింది. 2017 నాటి ఏపీ ఫైబర్ 15 ఎంబీపీఎస్ ప్యాకేజీ ఉన్న ఇంట్లో లైనును అనుమానించడం న్యాయమే. వంద ఎంబీపీఎస్ ఇంట్లో అనుమానం ముందు లోపలికే పోవాలి.

తులనాత్మక సారాంశం

రొద: ఒక పరికరం వేసినప్పుడే వస్తుంది, ఆపగానే పోతుంది. 2.4 మీద కనిపిస్తుంది, 5 మీద చాలావరకు కనిపించదు. గుర్తు నిండుగానే ఉంటుంది.

గుంపు: రాత్రి వేళ, సెలవుల్లో ముదురుతుంది. వేగం మెల్లగా తగ్గుతుంది, పూర్తిగా పోవడం తక్కువ. 5కు మారితే ఉపశమనం ఉంటుంది.

గోడ: వేళతో సంబంధం లేదు, చోటుతో ఉంది. 2.4 కంటే 5 మీదే ఎక్కువ బాధ. రౌటర్ ఉన్న గదిలోకి రాగానే సర్దుకుంటుంది.

తీగ, కరెంటు: ఇంట్లోని పరికరాలన్నిటికీ ఒకేసారి పోతుంది. తీగతో కలిపిన కంప్యూటర్‌కూ పోతుంది. పెట్టె మీది లైట్లు మారతాయి.

వరస: ఎవరో పెద్ద ఫైలు పంపుతున్నప్పుడే వస్తుంది. డౌన్‌లోడ్ వేగం బాగానే కనిపిస్తుంది, కాల్‌లో మాట తెగుతుంది.

రొద, గుంపు 5 వైపు తోస్తే గోడ 2.4 వైపు తోస్తుంది. ఒకే సలహా ఒక ఇంట్లో మందుగానూ, పక్కింట్లో విషంగానూ పనిచేయడానికి మూలం ఇదే.

పరీక్షల వరస

నాలుగు పక్షాలూ దాదాపు ఒప్పుకునే విషయం ఒకటుంది: ఏదైనా మార్చే ముందు విడగొట్టి చూడాలి. ముందు ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో రౌటర్‌కు కలపాలి. తీగ మీద కూడా నెట్ తెగితే వైఫైని వదిలేసి లాస్ లైటు, అడాప్టర్, ఫైబర్ వంపు చూడాలి. తీగ మీద బాగుంటే సమస్య గాలిలో ఉన్నట్టు.

తర్వాత వైఫై మీద రౌటర్‌కే పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే చిన్న సందేశం) పంపాలి. చాలా ఇళ్ళలో దాని చిరునామా 192.168.1.1గా ఉంటుంది. రౌటర్ నుంచి జవాబులు సమానంగా, కొద్ది మిల్లీసెకన్లలో వస్తూ, బయటి చిరునామా నుంచి మాత్రం ఆలస్యమైతే అది వరస లేదా లైను. రౌటర్ జవాబులే ఎగుడుదిగుడుగా ఉంటే రొద, గుంపు, గోడల్లో ఒకటి.

ఆ మూడింటినీ విడదీయడానికి ఫోనులో వైఫై ఎనలైజర్ యాప్ సంకేతం బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50, 60 మధ్య బాగున్నట్టు, మైనస్ 75 కిందికి పోతే గోడను అనుమానించాలి. బలం బాగుండీ తడబడితే అదే యాప్‌లో పక్క వైఫైలు ఏ చానళ్ళలో ఉన్నాయో చూడాలి. అక్కడా ఖాళీగా ఉంటే మిగిలింది రొద. యాప్‌కు వైఫైలు మాత్రమే కనిపిస్తాయి, ఓవెన్, యూఎస్‌బీ, వైర్‌లెస్ కెమెరా కనిపించవు. వాటిని ఒక్కోటి ఆపి, పింగ్‌లో మార్పు చూసి పట్టుకోవాలి. రెండింటిని ఒకేసారి మారిస్తే ఏది దోషో తేలదు.

విరుగుళ్ళపై భిన్నాభిప్రాయాలు

రౌటర్‌ను ఇంటి నడుమకు, ఛాతీ ఎత్తులో, బీరువాకూ నీళ్ళ క్యాన్లకూ దూరంగా జరపడంపై పెద్దగా వివాదం లేదు. ఫైబర్ పెట్టె గుమ్మం దగ్గరే ఉన్నా, అక్కణ్ణుంచి ల్యాన్ తీగతో రెండో రౌటర్‌ను నడి గదిలో పెట్టవచ్చు.

చానల్ ఎంపికను రౌటర్‌కు వదిలేయాలా, చేత్తో పెట్టాలా అన్నది తెగని తగాదా. ఆటో పద్ధతి తెల్లవారుజామున మేలైన చానల్‌ను ఎంచుకుని రాత్రి రద్దీలో ఇరుక్కోవచ్చు. చేత్తో పెట్టినది పక్కింట్లో కొత్త కనెక్షన్ రాగానే పాతబడవచ్చు. 2.4లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు వద్దు, 20 చాలన్నదానిపై మాత్రం ఏకాభిప్రాయం దగ్గరపడింది.

రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టాలా, వేర్వేరు పేర్లా అన్నది రెండో తగాదా. ఒకే పేరు పెడితే ఫోను తనంతట తాను ఎంచుకుంటుంది, కానీ బలహీనమైన 5ను వదలకుండా వేలాడే ఫోన్లున్నాయి. వేర్వేరు పేర్లు పెడితే అధికారం మనిషి చేతిలో ఉంటుంది, గది మారినప్పుడల్లా శ్రమ కూడా మనిషిదే.

మూడోది విస్తరణ. చవక ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో విని మళ్ళీ చెబుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది, గుంపు కూడా పెరుగుతుంది. మెష్ సెట్లలో రెండు పెట్టెల మధ్య సంభాషణకు వేరే పట్టీ ఉంటే ఈ నష్టం తగ్గుతుంది. అయితే ఇటుక గోడలూ శ్లాబులూ ఉన్న ఇంట్లో ఆ పెట్టెల మధ్య కూడా అవే గోడలుంటాయి. పై అంతస్తుకు ఒక ల్యాన్ తీగ లాగి, అక్కడ రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడం ఈ ఇళ్ళకు సరిపోయే మార్గం. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని పరికరాలను తీగ మీదికి మారిస్తే గాలి మిగతావాటికి మిగులుతుంది.

ఇంకా తేలనివి

మొదటిది 6 గిగాహెర్ట్జ్. అమెరికా 2020లో 1,200 మెగాహెర్ట్జ్‌ను వైఫైకి తెరిచింది. భారత టెలికాం శాఖ 2025 మేలో కింది 500 మెగాహెర్ట్జ్‌కు, 5,925 నుంచి 6,425 వరకు, తక్కువ శక్తితో లైసెన్సు మినహాయింపు ఇస్తూ ముసాయిదా నిబంధనలు ప్రచురించింది. ఆ స్పెక్ట్రమ్ మొబైల్ సేవలకు కావాలన్న టెలికాం కంపెనీలకూ, వైఫైకి కావాలన్న టెక్నాలజీ సంస్థలకూ మధ్య వాదన సంవత్సరాలు నడిచింది. ఆ పట్టీలో ఓవెన్ లేదు, పాత రౌటర్లు లేవు. రొద, గుంపు రెంటికీ అది మంచి విరుగుడు. గోడ విషయంలో మాత్రం 5 కంటే బలహీనం. నగర అపార్టుమెంటుకు పనికొచ్చినంతగా కనిగిరి మేడకు అది పనికొస్తుందా అన్నది అనుమానమే.

రెండోది కొత్త ప్రమాణాల సామర్థ్యం. వైఫై 6 ఒకే ప్రసారంలో పలు పరికరాలకు వాటా ఇస్తుంది, పొరుగు వైఫైకి రంగు గుర్తు వేసి వేరుచేస్తుంది. వైఫై 7 రెండు పట్టీలను ఏకకాలంలో వాడగలదు. ఇంట్లోని ఫోన్లలో సగం పాతవైనప్పుడు ఈ లాభం ఎంత మిగులుతుందన్నది ఇంటింటికీ మారుతుంది.

మూడోది బాధ్యత. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో జారీ చేసిన సేవా నాణ్యతా నిబంధనలు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌కు కొలమానాలు పెట్టాయి. పడకగదిలో వైఫై ఎంత రావాలన్నది ఆ కొలమానాల పరిధిలోకి రాదు. పెట్టె ఇచ్చేది ఆపరేటర్, దాని చోటు నిర్ణయించేది చాలాసార్లు బిగించడానికి వచ్చిన మనిషి, ఫలితం అనుభవించేది ఇంటివాళ్ళు. ఫిర్యాదు చేస్తే లైను దాకా బాగుందన్న జవాబు వస్తుంది, అది నిజం కూడా కావచ్చు. బిగించే రోజే ప్రతి గదిలో డీబీఎం కొలిచి, ఫైబర్‌ను నడి గదిదాకా లాగడం సేవలో భాగం కావాలా, లేక అది ఇంటివాళ్ళ ఖర్చేనా అన్నది తేలాల్సి ఉంది. ఇటుకా ఉక్కుతో కట్టిన ఇళ్ళలో ఆ ఒక్క ఏర్పాటు మూడో వాదాన్ని చాలావరకు పరిష్కరిస్తుంది. సంకేతం బలపడితే మొదటి రెండు వాదాల తీవ్రత కూడా తగ్గుతుంది.